ప్రధాన న్యాయాధిపతి టేనీ

రోజర్ టేనీ 1777వ సంవత్సరమున అమెరికాలోని మేరీలాండునందు, బానిసలుగల భూస్వామి యింట జన్మించెను. తనకు సంక్రమించిన బానిసలలో పెక్కండ్రను స్వయముగా విడిచిపెట్టెను. 1836లో అధ్యక్షుడు జాక్సన్ ఆయనను సుప్రీముకోర్టు ప్రధాన న్యాయాధిపతిగా నియమించెను. ఆ పదవి యావజ్జీవము; అందుకు ప్రజలు వోటు వేయరు.

1857లో డ్రెడ్ స్కాట్ అను బానిస స్వేచ్ఛకై తెచ్చిన వ్యాజ్యెమున, ఆఫ్రికా సంతతివారు పౌరులు కారనియు, ఇంకను రాష్ట్రములు కాని క్రొత్త సీమలలో బానిసత్వమును కాంగ్రెసు నిషేధింపజాలదనియు టేనీ తీర్పు చెప్పెను. బానిసలను విడిచిన చేయియే ఇట్లు వ్రాయుట ఎంత విచారకరము! తొమ్మండుగురు న్యాయమూర్తులలో ఏడుగురు ఆ పక్షమే వహించిరి. వారిలో ఐదుగురు బానిసరాష్ట్రములవారు. వివాదము చల్లారుటకు మారుగా రగుల్కొనెను. న్యాయపీఠమున ఎవరు కూర్చుందురో తమ వోటుపై ఆధారపడునని ఉత్తరాదివారు అనేకులు గ్రహించి, 1860లో లింకనును ఎన్నుకొనిరి. 1861 మార్చిలో ఆయనచే ప్రమాణము చేయించినవాడు టేనీయే. 1864లో టేనీ మరణింపగా, ఆ పీఠమునకు లింకను బానిసత్వ విరోధియగు చేజును నియమించెను.