తాల్చేరు బండలు – బ్లాన్‌ఫర్డ్ మహాశయుడు

మన సాలూరు వేగావతిలోని గులకరాళ్ళు నీటి ఒరిపిడికి గుండ్రమైనవి. హిమానీనదం ఈడ్చుకొచ్చి వదలిన రాళ్ళ తీరు వేరు. పక్కలు చదునుగా అరిగి, గీతలు పడి, బురదలో చిన్నా పెద్దా కలగలసి ఉంటాయి. ఈ ఆనవాలును మన దేశంలో తొలుత గ్రహించిన వారిలో ఒకరైన విలియం థామస్ బ్లాన్‌ఫర్డ్ గారిని మేము స్మరింపదలచాము.

1832లో లండనులో జన్మించిన ఆయన 1855లో తమ్ముడు హెన్రీతో పాటు భారత భూగర్భ సర్వేక్షణ శాఖలో చేరారు. మరుసటి సంవత్సరం ఒరిస్సాలోని తాల్చేరు బొగ్గుక్షేత్రాన్ని పరిశీలిస్తూ, మెత్తని బురదరాతిలో పెద్ద పెద్ద బండలు ఇమిడి ఉండటం గమనించారు. అంతటి బండలను దొర్లించే ప్రవాహం బురదను నిలువనిస్తుందా? మంచే మోసి ఉండాలని 24 ఏళ్ళు నిండీ నిండని ఆ యువకుడు, తమ్ముడు, సహచరుడు థియోబాల్డ్ నిర్ణయించారు. ఎండలు మండే సీమలో మంచేమిటని శంకించిన వారున్నారు. మేమైనా అంతే చేసి ఉండేవారమేమో!

1872లో ఆదిలాబాదు సరిహద్దున, పెన్‌గంగ లోయలోని ఇరాయి వద్ద గీతలు పడిన బండలూ, వాటి అడుగున మంచు ఒరసిన సున్నపురాతి నేలా ఓల్డ్‌హామ్, ఫెడెన్‌ల కంటబడ్డాయి. ఆ మంచు వయస్సు సుమారు 30 కోట్ల ఏళ్ళు. నాడు మన భూభాగం దక్షిణ ధ్రువానికి చేరువలో ఉండేది. ఖండాలు కదులుతాయని వెగెనర్ 1912లో ప్రకటించేనాటికి బ్లాన్‌ఫర్డ్ గారు గతించి ఏడేళ్ళయింది.