పరకాయ ప్రవేశం నేర్పిన వైద్యుడు

మన మొగల్తూరు పేరు చెబితే కృష్ణంరాజు గారు, చిరంజీవి గారు గుర్తొస్తారు. నటన అంటే మనకు సినిమాయే. అదే నటనతో మానసిక రోగులకు వైద్యం చేసిన మహనీయుడు డాక్టర్ జేకబ్ మొరెనో. మన హాస్టల్ నుంచి నర్సింగ్‌లో చేరే అక్కలు, చెల్లెళ్ళు ఆయన గురించి తప్పక తెలుసుకోవాలి.

మొరెనో 1889లో రుమేనియాలోని బుకారెస్ట్ నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. చిన్నతనంలోనే వియన్నా చేరారు. వైద్యం చదువుతూనే అక్కడి పార్కులలో పిల్లలకు కథలు చెప్పి, వాటిని వారి చేత ఆడించేవారు. 1917లో డాక్టరయ్యారు. 1925లో అమెరికా వెళ్ళారు. 1936లో న్యూయార్క్ రాష్ట్రంలోని బీకన్‌లో మానసిక చికిత్సాలయం స్థాపించి, అందులోనే ఒక రంగస్థలం కట్టించారు.

అక్కడ రోగి తన బాధను నటించి చూపేవాడు. అతని తల్లిగానో, భార్యగానో శిక్షణ పొందిన సహాయకులు నటించేవారు. కాసేపయ్యాక పాత్రలు మార్చేవారు. రోగి తల్లి అయ్యేవాడు, తల్లి పాత్రధారి రోగి అయ్యేది. ఇంకొకరు రోగి పక్కన నిలబడి, అతను పైకి చెప్పలేని దుఃఖాన్ని తాము పలికేవారు. అలా రోగి స్థానంలో నిలబడినవారికి అతని భయం తెలిసివస్తుంది.

మొరెనో 1974లో కన్నుమూశారు. మానసిక ఆరోగ్య నర్సింగ్ తరగతులలో నేడు ఒకరు రోగిగా, ఒకరు నర్సుగా నటించి నేర్చుకుంటున్నారు.

మతి చలించినవారిని పిచ్చివాళ్ళని వెక్కిరించడం మనం చూస్తూనే ఉన్నాం. ఇకపై నవ్వేముందు ఒక్క నిమిషం వారి పాత్రలో నిలబడి చూద్దాం. అదే ఆ మహనీయునికి మనమిచ్చే నివాళి.