మన్రో దొర లెక్కించిన ఇంటి చదువు

ధ్యానమునకు: ద్వితీయోపదేశకాండము 6:4–9, 2 తిమోతి 1:5



పిల్లలకు మంచి నడత నేర్పవలసినది బడియా, ఇల్లా? మాకు అక్షరము రాదు, బుద్ధులు కూడ పంతులుగారే చెప్పవలెనని సి.బెళగల్ వంటి మన పల్లెలలో తలిదండ్రులు అనుకొనుట కద్దు. ఈ మాసము మన సీమ బాగుగా ఎరిగిన ఒక దొరగారి జీవితమును ఈ ప్రశ్నతో కలిపి తలంచుకొందము.

తామస్ మన్రో 1761 మే 27న స్కాట్లండులోని గ్లాస్గో పట్టణమున జన్మించెను. తండ్రి వర్తకుడు. అమెరికా యుద్ధమువలన వ్యాపారము చెడి ఆ కుటుంబము ఇక్కట్ల పాలాయెను. 1780లో మన్రో కంపెనీ సైన్యములో చేరుటకు చెన్నపట్టణము వచ్చెను. తన సంపాదనలోనుండి తలిదండ్రులకు సొమ్ము పంపెను. ఇంటికి ఉత్తరములు వ్రాయుట మానలేదు. ఆయన మంచి బడిలోనే చదివెను. అయినను తలిదండ్రులను సన్మానించు గుణము ఇంటిలోనే వేరు పారునని మేము తలంచుచున్నాము.

1800 నుండి 1807 వరకు ఆయన దత్తమండలముల ప్రధాన కలెక్టరుగా నుండెను. ఆదవాని ఆ సీమలోనిదే. 1820లో మద్రాసు గవర్నరాయెను. 1822లో జిల్లా జిల్లాకు బడులెన్ని, పిల్లలెందరు అని లెక్క అడిగెను. ఆదవాని అప్పుడు బళ్లారి జిల్లాలో నుండెను. ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు ఉన్నట్లు 1823లో తేలెను. వారిలో ఆడపిల్లలు 60 మంది మాత్రమే. పిల్లలు పద్యములను అర్థము తెలియకయే వల్లించుచున్నారని ఆ జిల్లా కలెక్టరు వ్రాసెను.

చెన్నపట్టణములో బడికి పోవు పిల్లలు 5,523 మంది. ఇండ్లలో నేర్చుకొనువారు 26,903 మంది అని లెక్క వచ్చెను. ఈ రెండవ సంఖ్యలో పొరపాటుండవచ్చునని మన్రో అనుమానించెను. అయినను ఇంటి చదువును ఆయన లెక్కలోనుండి తీసివేయలేదు. అట్లని బడి అక్కరలేదనియు అనలేదు. 1826లో ప్రతి తాసిల్దారీకి ఒక బడి, దాని పంతులుకు నెలకు 9 రూపాయల జీతము ఉండవలెనని ప్రతిపాదించెను.

అయితే మనలో అనేకుల పెద్దలు ఆ లెక్కకు వెలుపలివారు. అంటరానివారని పేరు పెట్టబడినవారి బిడ్డలకు ఆనాటి బడులలో చాలచోట్ల చోటు లేకుండెను. బడి తలుపు మనకు ఎంత ఆలస్యముగా తెరువబడెనో మరువరాదు.

స్వదేశమునకు మరలకముందు దత్తమండలముల ప్రజలను చూడగోరి మన్రో బయలుదేరెను. 1827 జూలై 6న పత్తికొండలో కలరా సోకి, ఆ దినముననే మరణించెను. మన సీమలో తమ బిడ్డలకు ఆయన పేరు పెట్టుకొన్నవారుండిరి.

ప్రియులారా, నేడు సర్కారు బడిలో మన బిడ్డ అక్షరము నేర్చును. అన్ని కులములవారితో కలిసి కూర్చుండుట నేర్చును. ఇది గొప్ప మేలు. కాని పూర్తిగా సర్కారు సొమ్ముతో నడచు బడిలో మతబోధ జరుగకూడదని 1950 నాటి రాజ్యాంగము 28వ అధికరణము చెప్పుచున్నది. అది న్యాయమే. కాబట్టి దేవుని భయము నేర్పు పని మన గడపలోపలనే ఉన్నది. దానికి అక్షరము అడ్డు కాదు. తెచ్చిన అప్పు తండ్రి మాట ప్రకారము తీర్చినయెడల బిడ్డ చూచును. కొలతలో తల్లి మోసము చేయనియెడల బిడ్డ చూచును. తండ్రి త్రాగి వచ్చి కేకలు వేసినను బిడ్డ చూచును.

సుగ్గికి పోవునప్పుడు బిడ్డను వెంట తీసికొనిపోయి బడి మాన్పింపకుడి. అవ్వయొద్ద విడిచి పొండి. తిమోతి విశ్వాసము మొదట అవ్వయైన లోయిలో, తల్లియైన యునీకేలో ఉండెనని పౌలు జ్ఞాపకము చేసెను. పగలు బడి, రాత్రి అవ్వ ప్రార్థన: ఈ రెండును మన బిడ్డకు కావలెను. ఒకదాని పనిని రెండవదానిపై వేయకుందుము గాక.