స్టోర్నోవే నుండి మన పల్లెలకు: కల్నల్ మెకంజీ జీవితం

గ్రామ కైఫీయతులు వ్రాయించిన కల్నల్ కాలిన్ మెకంజీ పేరు మన సరిహద్దు పల్లెల పెద్దలు వినే ఉంటారు. ఆయన పుట్టిన ఊరు మాత్రం మనలో బహు కొద్దిమందికే తెలుసు. స్కాట్లండుకు వాయవ్యదిశన సముద్రంలో ఉన్న లూయిస్ ద్వీపంలో స్టోర్నోవే అనే చిన్న రేవు పట్టణమది. ఉల్లాపూల్ రేవులో ఓడ ఎక్కితే రెండున్నర గంటలకు పైగా ప్రయాణం. పూర్వం ఆ ద్వీపం విడిచి కెనడా మొదలైన దేశాలకు వలసపోయిన కుటుంబాలవారు నేడు తాత ముత్తాతల ఆనవాళ్లు వెదుక్కుంటూ అక్కడికి వస్తుంటారు. అక్కడ మెకంజీ అన్నది ఒక పెద్ద వంశం పేరు. అయితే కాలిన్ మెకంజీ సమాధి కోసం వెదికేవారు కలకత్తాకు రావలసినదే.

ఆయన 1754 ప్రాంతంలో జన్మించారు. తండ్రి మర్డాక్ మెకంజీ వర్తకుడు, ఆ పట్టణానికి తొలి పోస్టుమాస్టరు. కాలిన్ యౌవనంలో స్టోర్నోవే సుంకాల కచేరీలో ఉద్యోగం చేశారు. లాగరిథమ్స్ అనే గణిత పద్ధతిని కనిపెట్టిన జాన్ నేపియర్ వంశీయుడైన ఒక ప్రభువు తన పూర్వీకుని చరిత్ర వ్రాయ సంకల్పించి, హిందువుల గణితాన్ని గూర్చి సమాచారం సేకరించే పని మెకంజీకి అప్పగించాడు. ఒకరి వంశచరిత్ర కోసం మొదలైన ఆ ఆసక్తే ఆయనను మన దేశం వైపు త్రిప్పింది. 1783లో మద్రాసులో దిగి కంపెనీ సైన్యంలో చేరారు. ప్రభువు కుమార్తె హెస్టర్ అప్పటికి మధురలో ఉండేది. అక్కడి పండితులతో ఆమె ఆయనకు పరిచయం కలిగించింది.

1799లో టిప్పు సుల్తాను పతనమైన పిమ్మట మైసూరు రాజ్యాన్ని విభజించారు. క్రొత్త ఎల్లలను కొలిచే సర్వే మెకంజీ వంతు వచ్చింది. సుమారు 40,000 చదరపు మైళ్ల నేలను ఆయన బృందం కొలిచింది. మనవంటి ఎల్లల మీది వారికి ఈ పని సామాన్యమైనది కాదు. కొలగొలుసుతోపాటు ఆయన గుమాస్తాలు కలం కూడా పట్టుకొని ఊరూరా తిరిగారు. ఊరు ఎవరు కట్టించారు, చెరువు ఎవరు త్రవ్వించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు, పాళెగాండ్ర వంశావళి ఎట్టిది అని కరణాల దండకవిలెలు చూచి వ్రాసుకొన్నారు. తెలుగు, కన్నడ, తమిళ, మరాఠీ భాషలలో ఏ ఊరి మాట ఆ భాషలోనే నిలిచింది.

ఇంతచేసిన దొరకు ఈ భాషలు బాగా రావు! ఏలూరు ప్రాంతపు కావలి సోదరులే ఆయనకు కన్నూ చెవీ. వారిలో వెంకట బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే మరణించగా, తమ్ముడు లక్ష్మయ్య ఆ భారం మోశాడు. కీర్తిలో వారి వాటా వారికి ఇంకా పూర్తిగా దక్కలేదనే చెప్పాలి.

1815లో మెకంజీ భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయ్యారు. 1821 మే 8న కలకత్తా సమీపంలో కన్నుమూశారు. ముప్పది ఎనిమిదేండ్లలో ఒక్కసారీ స్వస్థలం చూడలేదు. ఆయన సేకరణను కంపెనీ లక్ష రూపాయలకు భార్య వద్ద కొన్నది. అందులో కొంత లండను చేరింది, చాలా భాగం మద్రాసులో నిలిచింది. శిథిలమవుతున్న తెలుగు కైఫీయతులకు తరువాత బ్రౌను దొర నకళ్లు వ్రాయించారు.

2017లో స్టోర్నోవేలోని లూస్ కోట మ్యూజియంలో ఆయన సేకరణ నుండి ఎన్నుకొన్న వస్తువులతో ప్రదర్శన జరిగింది. పోస్టుమాస్టరు కొడుకు ఏమి చేశాడో ఆ ద్వీపవాసులు అప్పుడు చూడగలిగారు.