తీస్ మార్ ఖాన్ మన నిజామే! 30కి పైగా పులులను కాల్చిన మహబూబ్ పాషా.. ఇందూరుతో ఉన్న లింక్ ఇదే

నిజామాబాద్: గొప్పలు పోయేవాళ్లను పెద్ద తీస్ మార్ ఖాన్ వచ్చాడంటాం కదా. ఒకప్పుడు నిజంగానే ఓ రాజును ఆ పేరుతో పిలిచేవారు. ఆయనే ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. 30కి పైగా పులులను వేటాడారు కాబట్టి ఆ పేరొచ్చిందంటారు. (30 ఈగలను చంపినోడి కథ కూడా ఒకటుంది, అది వేరే!)

1866లో పుట్టిన మహబూబ్‌కు రెండున్నరేళ్లకే గద్దె దక్కింది. పాలనంతా సాలార్‌జంగ్ చూసుకున్నారు. 1884లో వైస్రాయ్ రిపన్ వచ్చి పూర్తి అధికారాలు అప్పగించారు.

ఇక వేట సంగతి. రాజుగారి వేటంటే తుపాకీ పట్టుకుని ఒక్కరే అడవిలోకి పోవడం కాదు. డేరాలు, ఏనుగులు, వంటవాళ్లు.. ఓ ఊరే కదిలేది. జనం డప్పులు కొడుతూ, కేకలేస్తూ పులిని తోలేవారు. మంచె మీదో, ఏనుగు మీదో కూర్చున్న పెద్దలు కాల్చేవారు. మరి పులికి ఎదురు నడిచిందెవరు? చేతిలో కర్ర తప్ప ఏమీ లేని ఊరోళ్లు. ఫొటోల్లో ముందు వరుస మాత్రం వాళ్లది కాదు.

1902లో వైస్రాయ్ కర్జన్ దంపతులు వరంగల్ వైపు నెక్కొండ దగ్గర చచ్చిన పులితో దిగిన ఫొటో ఇప్పటికీ నెట్‌లో కనిపిస్తుంది. గొప్ప అతిథి వస్తే పులి వేటకు తీసుకెళ్లడం అప్పట్లో మర్యాద. అదే ఏడాది బేరార్‌ను శాశ్వత లీజు పేరుతో బ్రిటిష్ వాళ్లకు రాసివ్వాల్సి వచ్చింది. పులీ పోయింది, బేరారూ పోయింది!

పులిని చంపడం తప్పని అప్పుడు పెద్దగా ఎవరూ అనుకోలేదు. బ్రిటిష్ ఇండియాలో అయితే పులిని చంపితే సర్కారే బహుమానం ఇచ్చేది. చిత్రమేంటంటే, అన్ని పులులను కాల్చిన ఈ రాజు పేరు తలుచుకుంటే పాము విషం దిగుతుందని జనం నమ్మేవారు. 1908 మూసీ వరదల్లో బాధితుల కోసం ఆయన ప్యాలెస్ తలుపులు తెరిపించారు. 1911లో ఫలక్‌నుమాలో కన్నుమూశారు. అప్పటికి వయసు 45.

ఇందూరు కాస్తా నిజామాబాద్ అయింది ఆయన హయాంలోనే, 1905లో. నిజాంసాగర్, బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మాత్రం కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ కాలం నాటివి.

నిజాంల వేట అడవి చూడాలంటే దూరం పోనక్కర్లేదు. మెదక్ - ఎల్లారెడ్డి రోడ్డులో ఉన్న పోచారం అదే. 1952లో అభయారణ్యం చేశారు. 1972 చట్టంతో వేటకు గట్టి కట్టడి పడింది. ఇప్పుడక్కడ దుప్పులు, సాంబార్లు, నీల్‌గాయ్‌లు తిరుగుతున్నాయి. వానాకాలంలో పోచారం చెరువు అలుగు పారితే మనోళ్లు ఫోన్లు పట్టుకుని బయల్దేరతారు, వీడియోల కోసం.