హిమపథికుడు నాన్సెన్

ఉత్తర ధ్రువానికి చేరువలోని దీవులలో వేసవి ఆగస్టుతోనే ముగుస్తుంది. తొలి మంచు కురిసి, తీరజలాలు గడ్డకట్టనారంభిస్తే పడవకు దారి ఉండదు. స్లెడ్జి బండి బరువును మోయగల మంచు ఇంకా ఏర్పడదు. అట్టి వేళ ముందుకు సాగడమా, ఆగిపోవడమా అన్నది ప్రాణాలతో ముడిపడిన ప్రశ్న. ఆ ప్రశ్నను ఎదుర్కొన్న ధీరుడు ఫ్రిట్యోఫ్ నాన్సెన్.

నాన్సెన్ 1861 అక్టోబరు 10న నార్వే రాజధాని సమీపంలో జన్మించాడు. జంతుశాస్త్రం అభ్యసించాడు. 1888లో ఐదుగురు సహచరులతో గ్రీన్లాండు హిమభూమిని తూర్పు నుండి పడమరకు దాటాడు. తిరుగు ప్రయాణానికి ఓడ దొరకక, ఆ శీతకాలమంతా అక్కడి ఇన్యూట్ ప్రజల నడుమ గడిపి, కయాక్ అనే తోలుపడవను నడపడం నేర్చుకున్నాడు. ఆ విద్య వృథా పోలేదు.

1893లో 'ఫ్రామ్' నౌకపై ధ్రువయాత్రకు బయలుదేరాడు. మంచు ఒత్తిడికి నలిగిపోక పైకి లేచే విధంగా ఆ నౌకను నిర్మింపజేశాడు. 1895 మార్చిలో జొహాన్సెన్ అనే సహచరునితో నౌకను విడిచి, కుక్కలు లాగే బండ్లతో 86 డిగ్రీల 14 నిమిషాల ఉత్తర అక్షాంశం వరకు వెళ్ళాడు. అంతకు మునుపు ఏ మానవుడూ అంత దూరం వెళ్ళినట్లు దాఖలా లేదు. మరలి వస్తూ, ఆగస్టు నాటికి ఫ్రాంజ్ జోసెఫ్ దీవులు చేరారు. కుక్కలు ఒక్కటీ మిగలలేదు.

ఇంటి మీది ఆశ ముందుకు లాగుతున్నా, ముంచుకొస్తున్న శీతకాలాన్ని గుర్తించి నాన్సెన్ అక్కడే ఆగిపోయాడు. వాల్రస్ అనే సముద్రజంతువు భుజపుటెముకను పారగా చేసుకొని నేల తవ్వారు. రాళ్ళతో గోడలు కట్టి, వాల్రస్ చర్మాలను పైకప్పుగా పరిచారు. ఎలుగుబంటి మాంసమే ఆహారం, వాల్రస్ కొవ్వే దీపానికి చమురు. అక్టోబరు మధ్యలో అస్తమించిన సూర్యుడు మరల ఫిబ్రవరి చివరనే కనిపించాడు. ఒకే గుడిసెలో, ఒకే సంచిలో పడుకునే ఆ ఇద్దరూ నెలల తరబడి ఒకరినొకరు 'మీరు' అనే సంబోధించుకున్నారు! సంవత్సరాంతపు రాత్రి నాన్సెన్ ప్రతిపాదించిన తరువాతనే 'నువ్వు' అనుకోసాగారు. 1896 మేలో గుడిసె విడిచేనాటికి ఇద్దరూ బరువు పెరిగి ఉండడం విశేషం. జూన్‌లో ఒక ఆంగ్లేయ అన్వేషకుని శిబిరం చేరి బతికి బయటపడ్డారు.

1921లో రష్యాలో భయంకరమైన కరవు ఏర్పడింది. మంచు కురిసే కాలం సమీపిస్తున్నదని, ఈలోగా ధాన్యం చేరకపోతే లక్షలాది ప్రజలు మరణిస్తారని నాన్సెన్ నానాజాతి సమితి ముందు వేడుకొన్నాడు. ఆ శీతకాలపు స్వరూపం ఆయనకు తెలిసినట్లు ఆ సభలో ఎందరికి తెలుసు? ప్రభుత్వాలు ఋణమివ్వడానికి నిరాకరించాయి. ఆయన ప్రజల నుండి విరాళాలు సేకరించి ఆహారం పంపించాడు. 1922లో నోబెల్ శాంతి బహుమతి లభించగా, ఆ ధనాన్ని కూడా సహాయ కార్యక్రమాలకే వెచ్చించాడు. 1930 మే 13న స్వగృహంలో కన్నుమూశాడు.