గేటు దాటినందుకు మిలిటరీ క్రాస్

యుద్ధ పతకం అనగానే మనకు తుపాకీ పట్టి శత్రువు మీదికి దూకిన వీరుడు గుర్తుకొస్తాడు. ఎయిరీ నీవ్‌కు బ్రిటన్ 1942లో మిలిటరీ క్రాస్ ఇచ్చింది మాత్రం ఒక్క తూటా పేల్చకుండా శత్రువు గేటు దాటి నడిచిపోయినందుకు.

1916లో లండన్‌లో పుట్టిన నీవ్ ఆక్స్‌ఫర్డ్‌లో లా చదివారు. కుర్రతనంలో కొన్నాళ్ళు జర్మనీలో ఉండడంతో ఆ భాష పట్టుబడింది. 1940 మేలో ఫ్రాన్స్‌లోని కలే రేవు దగ్గర గాయపడి జర్మన్లకు చిక్కారు. మరుసటేడు పోలండ్‌లోని శిబిరం నుంచి పారిపోయి మళ్ళీ దొరికిపోయారు. అలాంటి మొండిఘటాల కోసమే జర్మన్లు కోల్డిట్జ్ కోటను ప్రత్యేకించారు. ఆయన్ని అక్కడికి పంపారు.

అక్కడా ఊరుకోలేదు. 1941 ఆగస్టులో జర్మన్ సైనికుడి వేషం వేసుకుని బయల్దేరారు. నాటకాల రంగు పూసిన ఆ బట్టలు లైట్ల వెలుగులో ఆకుపచ్చగా మెరిసి పట్టించేశాయి. స్కూలు వార్షికోత్సవాల్లో వేషాలు కట్టిన మనవాళ్ళకు ఈ తంటా కొత్తకాదు!

1942 జనవరి 5 రాత్రి, ఈసారి మెరుగైన వేషంతో, డచ్ అధికారి టోనీ లూటైన్‌తో కలిసి ఖైదీల నాటక వేదిక కిందినుంచి కాపలాదారుల భవనంలోకి చేరారు. అక్కడి మెట్లు దిగి, జర్మన్ అధికారుల్లా దర్జాగా మంచులోకి నడిచారు. తర్వాత డచ్ కూలీలమని చెప్పుకుంటూ రైళ్ళెక్కారు. ఉల్మ్‌లో అనుమానం వచ్చి ఇద్దరినీ కార్మిక కార్యాలయానికి తీసుకెళ్ళారు. వెంట వచ్చినతను గుమ్మం దగ్గర ఆగిపోతే, వీళ్ళు వెనకదారిన జారుకున్నారు. చివరికి కాలినడకన స్విట్జర్లాండ్ చేరారు. కోల్డిట్జ్ నుంచి తప్పించుకుని స్వదేశం చేరిన మొదటి బ్రిటిష్ అధికారి ఆయనే.

స్విట్జర్లాండ్ నుంచి ఆయన్ని ఫ్రాన్స్, స్పెయిన్ మీదుగా దాటించింది రహస్యంగా పనిచేసే మామూలు జనం. పట్టుబడితే వాళ్ళకు ఖైదీల శిబిరం కాదు, చావే. నీవ్ ఆ సంగతి మరిచిపోలేదు. లండన్‌లో ఎమ్మై9 అనే విభాగంలో చేరి, అలా దాటించే దళాలకు డబ్బు, మనుషులు అందేలా చూశారు. నా మటుకు పతకం కన్నా ఈ పనే పెద్దది. బెల్జియం యువతి ఆంద్రే ద జాంగ్ ఎందరో విమాన సైనికులను పిరనీస్ కొండలు దాటించి, 1943లో పట్టుబడి, నాజీ నిర్బంధ శిబిరాల నుంచి ప్రాణాలతో బయటపడింది. బ్రిటన్ ఆమెకు జార్జ్ మెడల్ ఇచ్చింది. 1954లో నీవ్ ఆమె మీద ఏకంగా పుస్తకమే రాశారు.

1945లో న్యూరెంబర్గ్ జైల్లో గోరింగ్ మొదలైన నాజీ నాయకుల గదులకు వెళ్ళి అభియోగపత్రాలు అందించినదీ ఈ మాజీ ఖైదీయే. 1953లో పార్లమెంటు సభ్యుడయ్యారు. 1975లో మార్గరెట్ థాచర్ పార్టీ నాయకురాలు కావడానికి వెనకుండి పనిచేశారు. 1979 మార్చి 30న పార్లమెంటు ఆవరణ నుంచి బయటికి వస్తుండగా ఐరిష్ తీవ్రవాదులు కారుకింద పెట్టిన బాంబు పేలి మరణించారు. అయిదు వారాల తర్వాత థాచర్ ప్రధాని అయ్యారు.